నలభై ఊళ్లకు రామాయణం నేర్పిన తాతకు వికీపీడియాలో పేజీ ఉండదా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి డిగ్రీ చదువుతున్న తమ్ముడు తెలుగు వికీపీడియాలో మూడు పేజీలు మొదలుపెట్టాడు. ఒకటి చిరుతల రామాయణం (చేతిలో చెక్క చిరుతలు పట్టుకుని ఊళ్లో ఆడే నాటకం) నేర్పిన వాళ్ల తాత మీద, రెండోది ఊరి గుట్ట మీది గుడి మీద, మూడోది మాజీ సర్పంచ్ అయిన బాబాయి మీద. వారం తిరగకముందే మూడింటికీ తొలగింపు మూస, అంటే "ఈ పేజీ తీసేయాలి" అని పైన అతికించే నోటీసు, పడింది. "ఒక్క సినిమాలో కనిపించిన వాళ్లకు పేజీ ఉంటుంది, నలభై ఊళ్లకు రామాయణం నేర్పిన మా తాతకు ఉండదా? ఇంటర్నెట్‌లో కాగితం కరువు లేదు కదా, ఇంకో పేజీ ఉంటే ఏం పోతుంది? అసలు నిర్ణయించడానికి వీళ్లెవరు?" అని అడిగాడు.

తమ్ముడూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతా, నీ కోపమంతా అక్కడే ఉంది కాబట్టి. "వీళ్లు" అంటే ఆఫీసు తెరుచుకుని కూర్చున్నవాళ్లు కారు. నాలాంటి వాళ్లే. నేను నల్లగొండలో ఉంటా, పదిహేనేళ్లుగా తెవికీలో, అదే తెలుగు వికీపీడియాలో, రాస్తున్నా. రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌లో "ఇటీవలి మార్పులు" తెరిచి, ఇవాళ ఎవరేం రాశారో చూసే కొద్దిమందిలో ఒకణ్ని. జీతం లేదు, కుర్చీ లేదు. తొలగింపు మూస ఎవరైనా పెట్టొచ్చు, రేపు నువ్వూ పెట్టొచ్చు. మూస పడిందంటే పేజీ పోయినట్టు కాదు, చర్చకు పిలిచారని అర్థం. ఆ చర్చలో ఎంతమంది చేతులెత్తారో లెక్కపెట్టరు, ఎవరేం చూపించారో చూస్తారు. నిర్వాహకుడు, అంటే పేజీలు తీసేసే అధికారం మేమే ఇచ్చిన సభ్యుడు, అదంతా చదివి ఉంచడమో తీసేయడమో చేస్తాడు. నేను వెళ్లి చూశాను. నీ మూడు పేజీల చర్చల్లోనూ నువ్వు ఒక్క అక్షరం రాయలేదు. ఇక్కడ రాసినదాంట్లో సగం అక్కడ రాసినా బాగుండేది.

ఇక అసలు సంగతి. ఈ నియమానికి మేం "విషయ ప్రాముఖ్యత" అని పేరు పెట్టుకున్నాం. సగం గొడవలు ఆ పేరు వల్లే వస్తాయి. ఆ మాట వినగానే ఎవరికైనా "మా తాత ముఖ్యం కాదంటున్నారు" అనిపిస్తుంది, కడుపు మండుతుంది. నాకూ మండింది, ఆ కథ తర్వాత చెప్తా. వికీలో ఆ మాటకు గొప్పతనం అని అర్థం కాదు, మంచితనం కాదు, ఊళ్లో పలుకుబడి అసలే కాదు. అక్కడ అడిగేది ఒకటే: ఈ విషయంతో ఏ సంబంధమూ లేనివాళ్లు, దీని గురించి ఒక వాక్యంలో తేల్చేయకుండా కాస్త వివరంగా, నమ్మదగిన చోట ముందే రాసి ఉన్నారా? ఇంకో రకంగా చూడు. మీ ఇంటి గడప తొక్కకుండా, మీలో ఎవరికీ ఫోన్ చేయకుండా, ఆదిలాబాద్‌లో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి అచ్చులో ఉన్నవి చదివి మీ తాత మీద ఒక పేజీ రాయగలడా? రాయగలిగితే పేజీ ఉంటుంది. రాయలేకపోతే తప్పు మీ తాతది కాదు, ఇన్నాళ్లూ ఆయన గురించి రాయని మనందరిది.

గొప్పతనంతో పని లేదని నమ్మకం కుదరకపోతే మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడు. అదొక మర్రిచెట్టు. ఊరూరా మర్రిచెట్టు ఉంటుంది, మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది, పంచాయితీలన్నీ దాని కిందే జరిగి ఉంటాయి. కానీ ఈ చెట్టు వయసు ఏడు వందల ఏళ్లంటారు, మూడెకరాల దాకా పాకింది. దాని మీద దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. 2018లో చెదలు పడితే సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు, ఆ వార్త విదేశాల్లో కూడా అచ్చయింది. అందుకే ఎవరో తెలియని మనిషి కూడా దాని మీద నాలుగు పేరాలు రాయగలడు. (ఇంకో పిల్లలమర్రి ఉంది, సూర్యాపేట పక్కన, కాకతీయుల కాలం గుళ్లున్న ఊరు. చెట్టు పేజీలో గుడి ఫొటో, గుడి పేజీలో చెట్టు ఫొటో పెట్టేవాళ్లు ఏడాదికి ఒక్కరైనా తగులుతారు.)

కాగితం కరువు లేదు కదా అన్నావు. మంచి ప్రశ్న. మన మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నారు. మూడు సంపుటాలు వచ్చినా "అ" అక్షరం దాటలేదు. 1923లో ఆయన పోయారు. ఆ కాలంలో కాగితం, అచ్చు ఖర్చు, వ్యాసం రాయగల మనిషి, అన్నీ దొరకడం కష్టమే. మనకు మొదటి రెండు బాధలూ తీరాయి. మూడోది తీరలేదు. పేజీ పెట్టడానికి పది నిమిషాలు చాలు, కానీ దాన్ని ఇరవై ఏళ్లు కాపలా కాయాలి. ఎవడో వచ్చి పుట్టిన సంవత్సరం మారుస్తాడు, ఇంకొకడు కులం పేరు ఎక్కిస్తాడు, మరొకడు మొత్తం చెరిపేసి తన ఫోన్ నంబరు పెడతాడు. ఏది నిజమో తేల్చాలంటే చేతిలో ఒక పుస్తకమో పత్రికో ఉండాలి. అది లేని పేజీలో నిజమూ అబద్ధమూ ఒకే తూకం తూగుతాయి.

ఇప్పుడు మీ తాత పేజీ దగ్గరకు వద్దాం. మొదటి వాక్యం ఇలా ఉంది: "కళామతల్లి ముద్దుబిడ్డ, గానగంధర్వుడు, నల్లగొండ జిల్లా గర్వించదగ్గ మహనీయులు శ్రీ ఫలానా గారు నలభై గ్రామాలలో చిరుతల రామాయణాన్ని నేర్పించి ప్రజల గుండెల్లో చిరస్థాయిగా నిలిచిపోయారు." ఫ్లెక్సీ మీద అయితే ముచ్చటగా ఉంటుంది. కానీ విజ్ఞాన సర్వస్వంలో కళామతల్లి ముద్దుబిడ్డ ఎవరో చెప్పడానికి కొలమానం లేదు, తీసెయ్. గానగంధర్వుడూ అంతే. గర్వించడం జిల్లా పని, చదివేవాడి పని, వ్యాసం పని కాదు. గుండెల్లో నిలవడం గురించి నాకు తెలియదు. "శ్రీ", "గారు" తెవికీలో ఎవరికీ రాయం. గాంధీకీ రాయం, "అన్నాడు", "చేశాడు" అనే రాస్తాం. తాతను "నేర్పాడు" అని రాయడానికి నీ చెయ్యి ఆడలేదని తెలుస్తూనే ఉంది. సొంతవాళ్ల మీద రాయొద్దని మేం చెప్పేది ఇందుకే.

అంతా పోగా మిగిలింది "నలభై గ్రామాలలో చిరుతల రామాయణాన్ని నేర్పించి" అన్నదొక్కటే. బంగారం లాంటి ముక్క. మొత్తం పేజీలో పనికొచ్చేది అదే. కానీ దానికి మూలం లేదు. ఏ నలభై? ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా? ఎవరు లెక్కపెట్టారు?

నువ్వు ఇచ్చిన మూలాలు రెండు. ఒకటి 2009 నాటి జిల్లా ఎడిషన్ క్లిప్పింగ్. అందులో మీ తాత పేరున్న వాక్యం ఒక్కటే, పట్టాభిషేకంతో చిరుతల రామాయణం ముగిసింది, గురువు ఫలానా అని. అది ప్రస్తావన మాత్రమే, ఆయన గురించి రాసిన వార్త కాదు. రెండోది 1987 నాటి కరపత్రం ఫొటో. అది నాకు భలే నచ్చింది, నిజంగా. పాత్రధారుల పేర్లు, ఎవరింటి ముందు పందిరి వేశారో కూడా ఉంది. కానీ అది నాటకం వేసినవాళ్లే వేసుకున్న కాగితం. ఫలానా రోజు ప్రదర్శన జరిగిందని చెప్పడానికి పనికొస్తుంది, పేజీ ఉండాలని వాదించడానికి పనికిరాదు. ఈ తేడా తెలిస్తే వికీ గొడవల్లో ముప్పాతిక వంతు తీరిపోతాయి.

సినిమావాళ్ల సంగతి. నువ్వన్నదాంట్లో నిజం ఉంది, దాచుకోను. సినిమా విడుదలైతే శుక్రవారం సాయంత్రానికి సమీక్షలు వస్తాయి, చిన్న నటుడికైనా ఇంటర్వ్యూ వస్తుంది. చిరుతల రామాయణం నెలల తరబడి రాత్రిళ్లు నేర్పి, రోజుల తరబడి ఆడినా, సమీక్ష రాయడానికి ఎవరూ రారు. అంటే మా నియమం పత్రికల చూపును అరువు తెచ్చుకుంటుంది, ఆ చూపులో వంకరుంటే ఆ వంకరా వస్తుంది. కానీ "దానికి పేజీ ఉంది కాబట్టి దీనికీ ఉండాలి" అనే వాదన చర్చలో నిలబడదు. ఆ సినిమా పేజీల్లో కొన్ని మేం ఇంకా చూడకపోవడం వల్ల మిగిలినవి. చూసిన రోజు వాటికీ మూస పడుతుంది.

పద్మశ్రీల విషయంలో ఈ వంకర బాగా కనిపిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పండుగ సాయన్న కథ ఎన్నో ఏళ్లు పాడాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. జనవరి 25 సాయంత్రం జాబితా రాగానే తెవికీలో పేజీలు పుట్టడం, ఉన్నవి ఒక్క రాత్రిలో మూడింతలు కావడం మాకు అలవాటే. 24వ తేదీన కిన్నెరకు ఎన్ని మెట్లున్నాయో 26న కూడా అన్నే ఉన్నాయి కదా అని నాకూ అనిపిస్తుంది. మారింది కిన్నెర కాదు, దాని గురించి రాసేవాళ్ల సంఖ్య.

ఇది మన తెలుగు రోగమే అనుకోకు. 2018 అక్టోబర్ 2న డోనా స్ట్రిక్‌లాండ్ అనే కెనడా శాస్త్రవేత్తకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. ఆ శాస్త్రంలో ఈ బహుమతి అందుకున్న మూడో మహిళ ఆమె. ఆ పూటకు ఇంగ్లీషు వికీపీడియాలో ఆమెకు పేజీ లేదు. అంతకు కొన్ని నెలల ముందు ఎవరో చిత్తుప్రతి రాస్తే, అందులో ఇచ్చిన మూలాలు చాలవని తిప్పి పంపారు. ప్రపంచమంతా నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత భయమేసింది, నేను అలా ఎన్ని తిప్పి పంపానో అని. కానీ ఒకటి గమనించు. తిప్పి పంపినతను ఆమె గొప్పది కాదనలేదు, ఈ చిత్తుప్రతిలో చూపించినవి చాలవన్నాడు. మూలాలు లోకంలో ఉన్నాయి, పేజీలో లేవు. మీ తాత విషయంలో కష్టం ఇంకాస్త ఎక్కువ, లోకంలో కూడా ఉన్నాయో లేవో వెతకాలి.

నా కథ చెప్తానన్నా కదా. మొదట్లో నేను ఒక బడిపంతులు మీద పేజీ రాశాను. జానపద గేయాలు సేకరించిన మనిషి, నాకు చదువు చెప్పారు. నాలుగు స్క్రీన్ల పొడుగు వచ్చింది. మూలం ఒకటే, ఆయన పదవీ విరమణ సంచిక. అందులో రాసినవాళ్లంతా ఆయన శిష్యులే, నాతో సహా. అంటే నేను రాసినదాన్ని నేనే మూలంగా చూపించానన్నమాట. తీసేశారు. మూడు నెలలు తెవికీ ముఖం చూడలేదు. తర్వాత వేరే పని మీద గ్రంథాలయానికి వెళ్లి, పాత సాహిత్య మాసపత్రికల కట్టలు తిరగేస్తుంటే, ఆయన సేకరణ మీద ఆయనెవరో తెలియని పరిశోధకుడు రాసిన వ్యాసం కనబడింది. ఇంకొక ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసంలో ఆయన మీద పదకొండు పేజీలున్నాయి. మళ్లీ రాశాను, తొమ్మిది వాక్యాలు. అది ఇప్పటికీ ఉంది. నాలుగు స్క్రీన్లు పోయి తొమ్మిది వాక్యాలు మిగలడం మొదట అవమానంగా అనిపించింది. ఇప్పుడు ఆ తొమ్మిదే చూసుకుని మురిసిపోతా, ఒక్కదాన్ని కూడా ఎవరూ కదిలించలేరు.

కాబట్టి నువ్వు వెతకాల్సిన చోట్లు చెప్తా. జానపద కళల మీద తెలుగు విశ్వవిద్యాలయంలో చాలా పరిశోధనలు జరిగాయి. దానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠమే ఉంది. నల్లగొండ జిల్లా జానపద ప్రదర్శన కళల మీద ఎవరైనా సిద్ధాంత వ్యాసం రాస్తే, ఊళ్లు తిరిగినప్పుడు మీ తాతను కలిసి ఉండే అవకాశం ఉంది. ఇంట్లో అడుగు, "ఎప్పుడైనా టేప్ రికార్డర్ పట్టుకుని ఎవరైనా వచ్చారా" అని. ఈ ప్రశ్నకు ముసలివాళ్లు ఠక్కున జవాబు చెప్తారు, ఎందుకంటే ఆ రోజుల్లో అదొక వింత. శోధ్‌గంగ సైట్‌లో పీహెచ్‌డీ గ్రంథాలు చాలా ఉచితంగా దొరుకుతాయి. చాలా తెలుగు గ్రంథాల్లో అక్షరాలు స్కాన్ బొమ్మలుగా ఉంటాయి కాబట్టి పేరు కొట్టి వెతికితే దొరకకపోవచ్చు, విషయసూచిక తెరిచి కళ్లతో చదవాల్సిందే.

గుడికి ఇంకా మంచి దారి ఉంది. 1961 జనగణనతో పాటు జిల్లాల వారీగా జాతరలు, పండుగల మీద పుస్తకాలు వేశారు. ఊరూరా ఏ దేవుడు, ఏ నెలలో జాతర, ఎంతమంది వస్తారు, పూజారి ఎవరు, అన్నీ రాశారు. నాకు తెలిసి మన పల్లెల మీద తెవికీలో ఎక్కువగా పనికొచ్చి, తక్కువగా వాడుతున్న మూలం ఇదే. గుట్ట మీద శాసనం ఉందని నువ్వు రాశావు. పురావస్తు శాఖ నల్లగొండ జిల్లా శాసనాల సంపుటాలు వేసింది. మీ ఊరి పేరు అందులో ఉంటే ఆ గుడికి సొంత పేజీ నిలబడుతుంది, నేనే వచ్చి చర్చలో వాదిస్తా. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పేజీ నిలబడింది గర్భగుడిలో పడే నీడ వింత అని కాదు, దాని శిల్పం మీద, శాసనాల మీద, ఆ నీడ మీద కూడా రాసినవాళ్లు ఉన్నారని. శాసనం ఇంకా ఎవరూ చదవలేదంటే మాత్రం నువ్వు చదివి పేజీలో పెట్టకు. అది మౌలిక పరిశోధన, అంటే ఇంకెక్కడా అచ్చు కాని నీ సొంత పరిశోధన, అవుతుంది, వికీలో చెల్లదు. ఫొటో తీసి, చదవగలవాళ్లకు చూపించి, వాళ్ల చేత ఎక్కడైనా రాయించు. "వేల ఏళ్ల నాటి" అన్న మాట కూడా తీసెయ్, శాసనం ఉన్న గుడికి ఆ మాట అక్కర్లేదు, లేని గుడికి ఆ మాట నిలవదు.

అంతదాకా ఆ గుడి నాలుగు వాక్యాలు మీ ఊరి పేజీలోకి మార్చు. మన ఊళ్ల పేజీలు చూశావా? మండలం, 2011 జనాభా లెక్క, ఇళ్లెన్ని, హెక్టార్లెన్ని, బ్యాంకు ఎన్ని కిలోమీటర్లు, పశువుల ఆసుపత్రి ఉందా లేదా. ఊరి పేరు మారిస్తే పక్క ఊరిది అయిపోతుంది. ఒంటి మీద బట్టలేని అస్థిపంజరాలు. చట్టం గుర్తించిన ఊరికి పేజీ ఉండాలా వద్దా అని ఎవరూ అడగరు, కాబట్టి అక్కడ నీకు పోట్లాట లేదు. శ్రీశైలం ప్రాజెక్టులో కృష్ణ కింద మునిగిన పాలమూరు పల్లెలకు కూడా అంతే, ఊరు మునిగినా పేజీ మునగదు. అదే 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత పంచాయతీలైన తండాల దగ్గరకొస్తే మా మధ్యే తకరారు. జనాభా లెక్కల్లో వాటికి వేరే పద్దు లేదు, రెవెన్యూ గ్రామంలోనే కలిసి ఉంటాయి. అంకెలు ఏమీ లేకుండా పేజీ ఏం రాస్తారని కొందరు, పంచాయతీ అయ్యాక ఊరు కాకపోవడమేంటని కొందరు. నేను రెండో పక్షం. ఈ గొడవ ఇప్పట్లో తెగదు.

బాబాయి పేజీ గురించి ఎక్కువ చెప్పను. వదిలెయ్. శాసనసభకు గెలిచినవాళ్లకు పేజీ ఉంటుంది, సర్పంచ్‌కు ఆ పదవి ఒక్కదానితోనే ఉండదు. ఐదు పేపర్ల క్లిప్పింగులు పెట్టావు. ఐదింట్లోనూ హరితహారంలో మొక్కలు నాటిన వార్తే, ఐదింట్లోనూ ఒకే వాక్యం, ఐదింట్లోనూ "మొక్కళు" అని ఒకే అచ్చుతప్పు. అది ఐదు మూలాలు కాదు, ఒక ప్రెస్ నోట్. ఇంకో మాట. పేజీ అంటే శాలువా కాదు, కప్పినవాడే తీసుకెళ్లడానికి. రేపు ఎదుటి పార్టీవాళ్లు వచ్చి పంచాయతీ నిధుల గొడవ మీద వచ్చిన వార్తను మూలంతో సహా ఎక్కిస్తే, తీసేయమనే హక్కు నీకు ఉండదు. ఒక మాజీ ప్రజాప్రతినిధి కొడుకు పేజీ పెట్టమని ముందు బతిమాలి, ఏడాది తర్వాత తీసేయమని బతిమాలడం నేను కళ్లారా చూశాను.

మళ్లీ తాత దగ్గరకు. ఎంత వెతికినా ఏమీ దొరకకపోతే? ఈ బాధ మనకొక్కరికే కాదు. 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెది భాషల వికీపీడియన్లు ఒక ప్రయత్నం చేశారు. అచ్చులో లేని ఊరి ఆటలు, వంటలు, పూజల గురించి తెలిసినవాళ్ల మాటలు రికార్డు చేసి, ఆ ఆడియోనే మూలంగా చూపించారు. మంచి ఆలోచన. కానీ అది నియమంగా నిలవలేదు, రికార్డు చేసిన మాట నిజమా కాదా సరిచూసే సంపాదకుడు ఎవరన్న ప్రశ్న దగ్గర ఆగింది. నాకు అప్పుడూ ఇప్పుడూ రెండు మనసులే.

నాకు దారి చూపించింది మన పాలమూరు మనిషే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకాయన రాస్తే, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారికి కోపం వచ్చింది. ఆయనకు సొంత పత్రిక ఉంది, తిట్టాలనుకుంటే ఎన్ని సంపాదకీయాలైనా తిట్టొచ్చు. కానీ ఆయన కవుల పేర్లు, ఊళ్లు, పద్యాలు పోగేయించారు. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది, 354 మంది కవులతో. ఆ సంచిక వల్లే ఇవాళ మేం ఎంతోమంది పాత కవులకు కనీసం రెండు వాక్యాల మొలక (మరీ చిన్న పేజీ) రాయగలుగుతున్నాం. అందులో పేరున్నంత మాత్రాన ప్రతి కవికీ పేజీ రాదు, అది వేరే సంగతి. కానీ కవి ఉన్నాడా లేడా అన్న ప్రశ్న మాత్రం రాదు.

నువ్వు చేయాల్సింది ఇదీ. పేజీని నీ ప్రయోగశాలలోకి (వికీలో నీ చిత్తుప్రతులు రాసుకునే చోటు) మార్చమని చర్చలో అడుగు, తీసేయకుండా మారుస్తారు. తాతకు మనవణ్నని అక్కడే రాసుకో, దాచి దొరికిపోతే చులకన అవుతావు. కరపత్రం, హార్మోనియం, ఆయన చేతిరాత నోటుపుస్తకం ఉంటే వాటినీ మంచి వెలుతురులో ఫొటో తీసి పెట్టుకో. చిరుతలు పట్టుకుని ఆడే ఫొటో నువ్వే తీస్తే వికీపీడియా ఫొటోలు దాచే కామన్స్ సైట్‌లో ఎక్కించు, స్టూడియోవాళ్లు తీసిన పాత ఫొటో మాత్రం హక్కులు తేలకుండా ఎక్కించకు. మీ కాలేజీలో తెలుగు సార్‌ని కలువు. ప్రాజెక్టు వర్క్ అంటే గైడు చూసి రాసే పిల్లలకు ఈ పని ఇస్తే సార్ కూడా సంతోషిస్తాడు. అయితే రాసేది నువ్వు కాకూడదు, నీ క్లాస్‌మేట్ ఎవరైనా రాయాలి. అది పత్రికలో రావాలి, సంపాదకుడు ఒకసారి చూసి వేయాలి. అప్పుడు దాన్ని చిరుతల రామాయణం గురించి రాసే చోట మొదటి మూలంగా వాడొచ్చు. అలాంటివి రెండు మూడు వచ్చాక మీ తాత పేజీ గురించి మళ్లీ మాట్లాడదాం. ఏడాది పట్టొచ్చు. కానీ తాత దగ్గర నేర్చుకున్నవాళ్లలో రాముడి వేషం వేసినవాళ్లకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. వాళ్లను కలవడానికి మాత్రం ఏడాది ఆగకు.

అన్నిటికంటే ముందు ఆ నలభై ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద పెట్టు. ఊరి పక్కన సంవత్సరం, ఎవరు పందిరి వేయించారు, సీత వేషం ఎవరు వేశారు. ఇరవై రెండే తేలితే ఇరవై రెండే రాయి. మా అమ్మగారి ఊరు డిండి అవతల. నా చిన్నప్పుడు అక్కడ పట్టాభిషేకం రోజు రాత్రి తెల్లవార్లూ మేలుకుని చూశాను. హనుమంతుడి తోక కాళ్లకు చుట్టుకుని పడటం గుర్తుంది, హార్మోనియం ముందు కూర్చున్న గురువు ఎర్ర రుమాలు గుర్తుంది, పేరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నీ జాబితా పూర్తయ్యాక అటువైపు ఊళ్లు ఏమైనా ఉన్నాయేమో చూసి నాకొక మెసేజ్ పెట్టు.